వేరు కరుగుతోందా? ఎక్స్‌రే ఎంతవరకు చెబుతుంది?

దంత సమస్యలు – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే విషయం పదే పదే కనబడింది: పంటి వేరు కరిగిపోవడం. అందుకే శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ఎముకను తినే కణాల జాతివే పంటి వేరునూ తింటాయి. వేరు బయట సిమెంటమ్ పొర, లోపల నరం వైపు ఇంకా గట్టిపడని డెంటిన్ (పంటిలో ఎక్కువ భాగమైన గట్టి పదార్థం) పొర వాటిని మామూలుగా దగ్గరికి రానీయవు. దెబ్బకో, ఒత్తిడికో, చీముకో ఆ పొర ఎక్కడైనా చెదిరితే అక్కడ తినడం మొదలవుతుంది. చాలాకాలం నొప్పి ఉండదు కాబట్టి సంగతి ఎక్కువగా ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. దాన్ని తప్పుగా చదవడం కూడా అక్కడే జరుగుతుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. పై ముందుపంటి మీద చిగురు దగ్గర గులాబీ రంగు మచ్చ వచ్చింది. నొప్పి లేదు. చిన్నప్పుడు బడిలో పడి మూతికి దెబ్బ తగిలింది. ఒక డాక్టరు చిన్న ఎక్స్‌రే తీసి, "లోపలినుంచి కరుగుతోంది, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేద్దాం" అన్నారు. ఇంకొక డాక్టరు అదే ఎక్స్‌రే చూసి, "బయటినుంచి కరుగుతోంది, కర్నూలు పోయి స్కాన్ తీయించుకుని రండి" అన్నారు. ఒకే ఎక్స్‌రేకు రెండు మాటలేంది? ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: ఆ ఒక్క ఎక్స్‌రేతో ఇద్దరిలో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. చిన్న ఎక్స్‌రే పంటిని ముందునుంచి వెనక్కి అణిచేసిన నీడ. పెదవి వైపు గుంట ఉన్నా, అంగిలి వైపు ఉన్నా, నడిమధ్య నరం కాలువలో ఉన్నా నల్లటి మచ్చ ఒకే చోట పడుతుంది.

గులాబీ మచ్చను చూసి లోపలిదే అని తేల్చేయడం పాత అలవాటు. 1920లో మమ్మరీ అనే ఆయన ఈ గులాబీ మచ్చల గురించి రాసినప్పటి నుంచి చాలా ఏళ్ళు అలాగే అనుకున్నారు. పంటిని లోపల తినేసి రక్తనాళాలున్న కణజాలం ఎనామిల్ కిందికి చేరితే ఆ రంగు కనబడుతుంది. ఆ కణజాలం నరం వైపునుంచి వచ్చినా, చిగురు వైపునుంచి దూరినా రంగు ఒకటే. నిజానికి చిగురు అంచున కనబడే గులాబీ మచ్చల్లో బయటినుంచి దూరినవే ఎక్కువ.

తేల్చే పద్ధతి కష్టమైనదేం కాదు. మొదటి ఎక్స్‌రే పంటికి సూటిగా తీస్తారు. రెండోది ట్యూబును పక్కకు 15 నుంచి 20 డిగ్రీలు జరిపి తీస్తారు. మచ్చ లోపలిదైతే రెండింటిలోనూ నరం కాలువను అంటుకునే ఉంటుంది. బయటిదైతే రెండో దాంట్లో కాలువనుంచి పక్కకు జరుగుతుంది. ఎటు జరిగిందో చూస్తే అది ఏ వైపు గుంటో కూడా తెలుస్తుంది. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి కరెంటు స్తంభాలు వెనక్కి పోతాయి, దూరపు కొండ మనతోపాటే వస్తుంది. ఇక్కడా అంతే: ట్యూబుకు దగ్గరగా, అంటే పెదవి వైపు ఉన్నది ట్యూబు జరిపిన దిక్కుకు ఎదురుగా పోతుంది, దూరంగా, అంటే అంగిలి వైపు ఉన్నది ట్యూబుతోపాటే వస్తుంది. క్లార్క్ అనే ఆయన ఈ సూత్రం చెప్పింది 1910లో. నూరేళ్ళు దాటినా దీనికయ్యే ఖర్చు ఇంకొక చిన్న ఎక్స్‌రే మాత్రమే.

జరగడంతోపాటు అంచులూ చూడాలి. లోపలి దాంట్లో కాలువ ఒకచోట నున్నగా, ఇంచుమించు రెండు పక్కలా సమానంగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో కాలువ గోడల గీతలు కనబడవు, ఎందుకంటే ఆ గోడలే కరిగిపోయాయి. బయటి దాంట్లో అంచులు గరుకుగా, మచ్చ ఒకచోట నల్లగా ఇంకోచోట మసకగా ఉంటుంది; మచ్చ గుండా కాలువ గోడల గీతలు రెండూ చెక్కుచెదరకుండా కిందిదాకా పోతాయి. మీ పాత ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి భూతద్దంలో ఆ రెండు గీతలు చూపించమని అడగండి.

ఇక నోట్లో చేసే పరీక్షలు. చిగురు అంచు కింద సన్నటి ప్రోబ్ పెట్టి గీకాలి. పిప్పి అయితే మెత్తగా, జిగటగా తగులుతుంది. వేరు కరిగిన గుంట అడుగు గట్టిగా, గీకితే గరగరమంటుంది. వెంటనే బాగా రక్తం వస్తుంది. తర్వాత కోల్డ్ టెస్ట్: చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పంటికి ఆనించి చూస్తారు. బయటినుంచి దూరే రకంలో నరం చాలాకాలం బతికే ఉంటుంది కాబట్టి జివ్వుమంటుంది. లోపలి రకంలో పైభాగం చచ్చి కిందిభాగం బతికి ఉండొచ్చు, అందుకని ఎలాగైనా రావచ్చు. కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే తీర్పు చెప్పదు, మిగతావాటితో కలిపి చూడాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం వైద్యం పూర్తిగా వేరు కావడమే. లోపలి రకానికి ఆహారం నరం రక్తమే. రూట్ కెనాల్ చేసి ఆ రక్తం ఆపితే కరగడం ఆగుతుంది. ఉబ్బిన గుంటలోకి సూది సరిగా పోదు కనుక హైపోక్లోరైట్‌తో బాగా కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి, తర్వాత వేడితో మెత్తబరిచిన గట్టాపెర్చాతో (రబ్బరులాంటి పదార్థం) నింపుతారు. బయటి రకానికి రక్తం చిగురు వైపునుంచి వస్తుంది. దానికి ఉత్త రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే, క్యాప్ కింద కరగడం హాయిగా సాగుతూనే ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు. చిగురు ఎత్తి, గుంట శుభ్రం చేసి, దూరిన దారిని మూయాలి.

మీ విషయంలో వరుస ఇది: ముందు పక్కకు జరిపిన రెండో ఎక్స్‌రే, ప్రోబ్, కోల్డ్ టెస్ట్. బయటిది అని తేలినా, అనుమానం మిగిలినా అప్పుడు చిన్న సీబీసీటీ స్కాన్ (పంటిని అన్ని దిక్కులనుంచి కోతలుగా చూపే ఎక్స్‌రే స్కాన్) తీయించుకోవడం సమంజసమే. అది తేలే దాకా క్యాప్ ఒప్పుకోవద్దు.

ప్రశ్న: మా పాపకు 16 ఏళ్ళు. పళ్ళకు క్లిప్పులు వేసి 14 నెలలైంది. మొన్న ఓపీజీ తీస్తే ముందుపళ్ళ వేర్లు పొట్టిగా అయినాయని రిపోర్టులో రాసినారు. క్లిప్పుల డాక్టరేమో అంత భయం లేదంటారు. తీయించేయమంటారా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ఓపీజీని, అంటే రెండు దవడలూ ఒకే బొమ్మలో పడే పెద్ద ఎక్స్‌రేను చూసి ముందుపళ్ళ వేర్ల పొడవు చెప్పకూడదు. ఆ మెషీన్ తల చుట్టూ తిరుగుతూ వంపు తిరిగిన ఒక సన్నటి పట్టీని మాత్రమే స్పష్టంగా పడుతుంది. ముందుపళ్ళ దగ్గర ఆ పట్టీ మరీ సన్నం. గడ్డం కాస్త ఎత్తినా దించినా, పళ్ళు ముందుకు వాలి ఉన్నా వేరు కొన పట్టీ బయటపడి మసకబారుతుంది, పొట్టిగా కనబడుతుంది. పైగా మెడ ఎముక నీడ సరిగ్గా అక్కడే పడుతుంది. బొమ్మ కూడా అసలు కొలతకంటే పెద్దదిగా వస్తుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు.

అలాగని కొట్టిపారేయవద్దు. క్లిప్పులతో వేరు కొన కరగడం నిజంగా ఉన్నదే, అందులో పై ముందుపళ్ళదే మొదటి స్థానం. చేయాల్సింది పై నాలుగు ముందుపళ్ళకు హోల్డరు పెట్టి చిన్న ఎక్స్‌రేలు తీయించి, క్లిప్పులు వేయకముందు తీసినవాటితో పోల్చడం. (ముందు ఎక్స్‌రేలే లేకుండా క్లిప్పులు మొదలుపెట్టే చోటికి అసలు పోకూడదు. అప్పుడు పోల్చడానికి ఏమీ ఉండదు.)

పోల్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు రెండు బొమ్మల్లో వేరు కొలిచి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం. ట్యూబు కోణం మారితే మొత్తం పన్నే పొడవుగానో పొట్టిగానో పడుతుంది. అందుకే చిగురు పైనున్న భాగాన్ని కొలబద్దగా వాడాలి. అది కరగదు కదా. ఉదాహరణకు పాత ఎక్స్‌రేలో పైభాగం 10 మిల్లీమీటర్లు, వేరు 15. కొత్తదాంట్లో పైభాగం 9.2, వేరు 12.9. నేరుగా తీసేస్తే 2.1 మిల్లీమీటర్లు పోయినట్టు లెక్క వస్తుంది. కానీ కొత్త బొమ్మే మొత్తంగా పొట్టిగా పడింది. 12.9ని 9.2తో భాగించి 10తో గుణిస్తే 14. అంటే పోయింది సుమారు 1 మిల్లీమీటరే. పన్ను కొన విరిగినా, మధ్యలో అంచు రాపిడి పట్టించినా ఈ లెక్క పనికిరాదు. పళ్ళ వాలు బాగా మారి ఉంటే కూడా దీన్ని అంచనాగానే తీసుకోవాలి.

క్లిప్పుల డాక్టర్లు దీన్ని మెట్లుగా చెబుతారు. కొన గరుకుబారితే మొదటి మెట్టు. 2 మిల్లీమీటర్లకంటే తక్కువ పోతే రెండు. 2 మిల్లీమీటర్ల నుంచి వేరులో మూడో వంతు దాకా పోతే మూడు. అది దాటితే నాలుగు. ఒకటి, రెండు మెట్లయితే వైద్యం ఆపనక్కరలేదు. బలం తగ్గించి, మూడు నెలలకు మళ్ళీ ఎక్స్‌రే తీసి చూస్తారు. మూడో మెట్టుకు వస్తే తీగను లాగకుండా ఊరికే ఉంచి సుమారు మూడు నెలలు విరామం ఇస్తారు, తర్వాత పళ్ళను ఎంతవరకు జరపాలో మళ్ళీ ఆలోచిస్తారు. బలం తీసేస్తే ఈ రకం కరగడం ఆగుతుంది. పోయిన వేరు తిరిగి రాదు గానీ మిగిలింది నిలబడుతుంది.

క్లిప్పులు వేసిన 6 నుంచి 9 నెలల్లో ఒకసారి ముందుపళ్ళ ఎక్స్‌రే తీయడం మంచి పద్ధతి. పాపకు 14 నెలలైంది కాబట్టి ఇప్పుడు అడగడంలో తప్పేం లేదు. దీనికి సీబీసీటీ అవసరం రాదు.

ప్రశ్న: మా పిల్లోనికి 12 ఏళ్ళు. రెండు నెలల కింద సైకిల్ మీద పడి పై ముందుపన్ను ఊడి వచ్చింది. రుమాల్లో చుట్టుకొని గంట తర్వాత డాక్టరు దగ్గరికి పోతే మళ్ళీ పెట్టి తీగతో కట్టినారు. రెండు వారాలకు తీగ తీసినారు. రూట్ కెనాల్ చేయాలన్నారు గానీ నొప్పి లేదు కదా అని ఆగినాం. ఇప్పుడు పన్ను గట్టిగా ఉంది. ఎక్స్‌రే మళ్ళీ తీయాల్నా?
– గుంతకల్లు నుంచి ఒక తల్లి

జవాబు: ఈ వారంలోనే పోండమ్మా. ఎక్స్‌రే కోసమే కాదు, ఆగిన రూట్ కెనాల్ కోసం కూడా. వేరు కొన మూసుకున్న పన్ను ఊడి మళ్ళీ పెడితే నరం బతకదు. రెండు వారాల లోపే రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. చచ్చిన నరంలో చేరిన సూక్ష్మజీవుల విషం వేరులోని సన్నటి గొట్టాల గుండా బయటికి వస్తుంది. దెబ్బకు పైపొర ఊడిన చోటల్లా వేరును తినే కణాలకు అది ఊతమిస్తుంది. ఈ రకం వేగం మిగతావాటికి లేదు. రెండు మూడు వారాల్లోనే ఎక్స్‌రేలో కనబడొచ్చు, పట్టించుకోకపోతే నెలల్లో వేరు మొత్తం పోవచ్చు. మంచి సంగతేమంటే కాలువను శుభ్రం చేస్తే ఇది ఆగుతుంది.

ఎక్స్‌రేలో దీని గుర్తు: వేరు పక్కన గిన్నెలాంటి గుంటలు, ప్రతి గుంటకూ ఎదురుగా ఎముకలో కూడా నలుపు. రెండూ జతగా ఉంటేనే ఈ రకం.

పన్ను గట్టిగా ఉందని సంతోషపడ్డారు. కొంచెం ఆగండి. గంటసేపు ఎండిపోయిన వేరు మీది కణాలు చచ్చిపోతాయి, అప్పుడు ఎముక నేరుగా వేరుకు అతుక్కుంటుంది. మామూలు పన్ను వేలితో కదిపితే పిసరంత కదులుతుంది. అతుక్కున్నది ఏమాత్రం కదలదు. డాక్టరు నోట్లో చూసే అద్దం పిడితో పక్క పంటిని, దీన్ని ఒకదాని తర్వాత ఒకటి తట్టి చూస్తే పక్కది మందంగా పలుకుతుంది, ఇది సన్నగా ఠంగుమంటుంది. ఎక్స్‌రేలో నల్ల గుంటలేవీ ఉండవు. వేరు చుట్టూ ఉండాల్సిన సన్నటి నల్లగీత మాయమై, ఎముక గీతలే వేరులోకి నడిచి వచ్చినట్టు ఉంటుంది. ఎక్స్‌రేలో కనబడేది వేరు రెండు పక్కలే. పెదవి వైపు, అంగిలి వైపు అతుక్కుంటే కనబడదు. అందుకే ఈ ఒక్కచోట ఎక్స్‌రేకంటే ముందు, తట్టిన శబ్దం వినే చెవే పసిగడుతుంది.

ఎక్స్‌రేల వరుస రాసి పెట్టుకోండి: దెబ్బ తగిలిన 2 వారాలకు, 4 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకటి చొప్పున కనీసం 5 ఏళ్ళు. ప్రతిసారీ ఒకే కోణంలో తీసిన చిన్న ఎక్స్‌రే చాలు. మీవాడు ఎదిగే వయసులో ఉన్నాడు. పన్ను అతుక్కుంటే పక్క పళ్ళు దవడతోపాటు కిందికి ఎదుగుతాయి, ఇది అక్కడే ఆగిపోయి పొట్టిగా కనబడుతుంది. ఆ తేడా 1 మిల్లీమీటరు దాటితే పైభాగం తీసేసి వేరును ఎముకలోనే వదిలేసే ఆపరేషన్ గురించి డాక్టరు మాట్లాడతారు. కాబట్టి ఎక్స్‌రేతోపాటు ప్రతి ఆరు నెలలకు నవ్వుతున్నప్పుడు ఎదురుగా ఒక ఫోటో కూడా తీసి పెట్టండి.

ఇంకెవరికైనా ఇలా జరిగితే రుమాలు వద్దు, ఒక గ్లాసు చల్లటి పాలు చాలు. వేరు భాగాన్ని ముట్టుకోకుండా పన్ను అందులో వేసి తీసుకుపోవాలి.

ప్రశ్న: ఏడేళ్ళ మా మనవరాలి ముందుపన్ను ఊడింది. చూస్తే వేరే లేదు, పైన చిప్పలాగా ఉంది. వేరు లోపల ఉండిపోయిందా? పురుగు తినిందా?
– తాడిపత్రి నుంచి ఒక అవ్వ

జవాబు: పాలపళ్ళ వేర్లు అలా కరిగిపోవడమే ధర్మం. కిందినుంచి వచ్చే పన్ను ఒత్తిడికి కరిగి, పట్టు తప్పి ఊడుతుంది. ఎక్స్‌రే అక్కరలేదు. ఏడాది దాటినా కొత్త పన్ను రాకపోతే, పక్కది వచ్చి ఇది రాకపోతే అప్పుడు ఒక చిన్న ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు. కుడివైపు పై కోరపన్ను రాలేదు. ఓపీజీలో అది లోపల అడ్డంగా పడుకుని పక్క ముందుపంటి వేరు మీద ఉన్నట్టు కనబడుతోంది. ఆ వేరును తింటోందా అంటే చెప్పలేమంటున్నారు.
– కడప నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఓపీజీని బట్టి చెప్పలేమనడం నిజాయితీ గల మాట. కోరపన్ను ఆ వేరుకు ముందుందో వెనకుందో ఆ బొమ్మలో తెలియదు. తింటే ఎక్కువగా వేరు ముందు ముఖాన్నో వెనక ముఖాన్నో తింటుంది. ఆ రెండు ముఖాలూ చదునైన బొమ్మలో ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, వాటిపైన కోరపంటి నీడ. అందువల్ల వేరు సగం మందం పోయినా అంచులు చక్కగానే కనబడొచ్చు.

సీబీసీటీ నిజంగా అక్కరకొచ్చే సందర్భాల్లో ఇదొకటి. కోరపన్ను ఎటువైపుంది, వేరు ఎంత తినబడింది, నరం దాకా వచ్చిందా అన్నది తెలిస్తే ఏ పన్ను ఉంచాలి, కోరపంటిని ఏ దిక్కుకు లాగాలి అన్నది మారుతుంది. పై దవడలో ఆ భాగానికి మాత్రమే తీయించండి. కాస్త తిన్నదని తేలినా పక్క పంటిని తీసేయమని తొందరపడవద్దు. కోరపంటిని అక్కడినుంచి జరిపేస్తే తినడం ఆగుతుంది, ఆ పళ్ళు చాలావరకు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కోల్డ్ టెస్ట్‌కు జివ్వుమంటుంటే రూట్ కెనాల్ కూడా అక్కరలేదు.

చిన్న పిల్లలున్నవారికి ఒక మాట: తొమ్మిది పదేళ్ళప్పుడు పై చిగురు మీద, ముందుపళ్ళ పక్కన వేలు పెట్టి తడిమితే కోరపంటి గుబ్బ తగలాలి. ఒకవైపు తగిలి ఇంకోవైపు తగలకపోతే అప్పుడే చూపించడం మేలు.

ప్రశ్న: ఈ మధ్యే ప్రాక్టీసు పెట్టిన దంతవైద్యుణ్ణి. వేరు కరుగుదల అనుమానం ఉన్నవాళ్ళను సీబీసీటీకి పంపితే కొన్నిసార్లు పనికిరాని బొమ్మలు వస్తున్నాయి. చీటీలో ఏం రాయాలి? వచ్చాక ఎలా చదవాలి?
– కర్నూలు

జవాబు: 'సీబీసీటీ, పై దవడ' అని రాసి పంపితే వచ్చేది ఇంప్లాంట్లకు పనికొచ్చే బొమ్మే. మొత్తం దవడ తీసేటప్పుడు వోక్సెల్ (స్కాన్ బొమ్మలోని అతి చిన్న గడి) సాధారణంగా 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య పెడతారు. మొదటి దశ గుంట ఆ ముతకదనంలో కనబడకుండా పోతుంది. మీరు రాయాల్సింది: పంటి నంబరు, ఉదాహరణకు 11 (కుడివైపు పై మొదటి ముందుపన్ను), వైశాల్యం 4×4 లేదా 5×5 సెంటీమీటర్లు, వోక్సెల్ 0.1 నుంచి 0.15, ఇంకా మీ ప్రశ్న ఒక వాక్యంలో, 'గుంట లోపలిదా బయటిదా, ఎక్కడ దూరింది, నరం దాకా వచ్చిందా' అని. దెబ్బ తగిలిన చరిత్ర, కోల్డ్ టెస్ట్ ఫలితం, పాత చిన్న ఎక్స్‌రే జతచేయండి. బొమ్మలు ఫిల్ము మీద అచ్చు వేసి ఇస్తే తీసుకోవద్దు. డైకామ్ ఫైలే (స్కాన్ మొత్తం ఉండే కంప్యూటర్ ఫైలు), చూసే సాఫ్ట్‌వేర్‌తో సహా అడగండి. ఫిల్ము మీద వాళ్ళు ఎంచిన ముక్కలే ఉంటాయి. మీకు కావాల్సిన ముక్క వాటి మధ్య పోయి ఉంటుంది.

బొమ్మ చెడిపోవడానికి మొదటి కారణం కదలిక. సన్నటి వోక్సెల్‌కు మెషీన్ తిరిగే సమయం ఎక్కువ పడుతుంది, మింగితే చాలు అంచులు రెండు గీతలవుతాయి. తలకు పట్టీ కట్టి, ముందే ఒకసారి మింగించి, కళ్ళు మూసుకోమనాలి. పై, కింది పళ్ళ మధ్య దూది చుట్ట పెడితే పైభాగాలు విడివిడిగా వస్తాయి. ముక్కుపుడక, కమ్మలు, జడపిన్నులు, తీసి పెట్టే పళ్ళసెట్టు అన్నీ తీయించాలి. మన దగ్గర ముక్కుపుడక తీయడానికి చాలామంది ఒప్పుకోరు. పై ముందుపళ్ళ స్కాన్‌లో మాత్రం అది నేరుగా చారలు వేస్తుంది, నచ్చజెప్పి తీయించాల్సిందే.

రెండో కారణం లోహం, లోహంలాగే కిరణాలను అడ్డుకునే పదార్థాలు. పక్క పంటికి మెటల్ లేదా జిర్కోనియా క్యాప్, లోపల పోస్టు (వేరులో దించిన కడ్డీ), గట్టాపెర్చా ఉంటే వాటి మధ్య నల్లటి పట్టీలు పడతాయి. అవి అచ్చం గుంటల్లా ఉంటాయి. తేడా ఇలా కనుక్కోవాలి: అలాంటి రెండింటిని కలిపే గీత మీదే నలుపు ఉంటే, పక్కనున్న ఎముకలోకీ గాలిలోకీ అదే పట్టీ సాగితే అది చార. నిజమైన గుంట అడ్డం, నిలువు, పక్క కోతలు మూడింటిలోనూ అదే చోట, అదే ఆకారంలో దొరుకుతుంది. క్యాప్‌లు కిక్కిరిసిన నోట్లో మెడ దగ్గరి గుంట కోసం స్కాన్ తీయించడం చాలాసార్లు డబ్బు దండగే.

చదివేటప్పుడు ముందు తెరమీది కోత గీతలను పంటి పొడవుకు సరిపెట్టండి. దవడ అడ్డంకోతలో చూస్తే వాలిన పన్ను ఏటవాలుగా తెగి, లేని గుంటలు కనబడతాయి. సరిపెట్టాక మెడ దగ్గరనుంచి కొన దాకా అడ్డంకోతల్లో మెల్లగా దిగండి. చిగురు వైపునుంచి దూరిన రకమైతే ఎక్కడో ఒకచోట బయటికి చిన్న ద్వారం ఉంటుంది, చాలాసార్లు 1 మిల్లీమీటరుకంటే పెద్దది కాదు. లోపల మాత్రం అది విస్తరించి ఉంటుంది. నరం కాలువ చుట్టూ సన్నటి తెల్ల కంకణం కనబడితే అది ఈ రకానికి గట్టి సాక్ష్యం. కణాలు చివరిదాకా తినలేక వదిలిన డెంటిన్ పొర అది. లోపలి రకంలో ఈ కంకణం ఉండే అవకాశమే లేదు.

చిగురు వైపునుంచి దూరిన రకం గురించి రిపోర్టు రాయడానికి హీథర్సే అనే దంతవైద్యుడు 1999లో ఇచ్చిన నాలుగు తరగతులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి గానీ అవి చదునైన ఎక్స్‌రే కాలంనాటివి. 2018లో పటేల్ బృందం ఇచ్చిన పద్ధతి స్కాన్‌కు సరిపోతుంది. ఎత్తు 1 నుంచి 4: ఎముక అంచుకు పైనే ఉంటే 1, అంచు దిగి వేరు పై మూడో వంతులో ఉంటే 2, నడిమి వంతులో 3, కొన వంతులో 4. చుట్టుకొలత: 90 డిగ్రీల దాకా ఏ, 180 దాకా బీ, 270 దాకా సీ, అది దాటితే డీ. చివర డెంటిన్‌లోనే ఉందా, నరం దాకా వచ్చి ఉంటుందా అన్న గుర్తు. ఇలా రాస్తే మీరు రోగిని పంపే ఎండోడాంటిస్టుకు (రూట్ కెనాల్ నిపుణుడికి) చిగురు ఎక్కడ ఎత్తాలో, అసలు ఎత్తాలా వద్దా అన్నది స్కాన్ తెరవకముందే తెలుస్తుంది. చుట్టూ తిరిగి కొన వంతుకు దిగినదాన్ని కెలకడంకంటే, బాధ లేనంతకాలం వదిలేసి గమనించడమే చాలాసార్లు మంచిది.

స్కాన్ చెప్పని సంగతులు రెండు. నరం బతికుందో లేదో చెప్పదు. గుంట ఇంకా తింటోందా, ఆగిపోయిందా అన్నదీ చెప్పదు. మొదటిదానికి కోల్డ్ టెస్ట్, రెండోదానికి కొంతకాలం ఆగి మళ్ళీ తీసిన చిన్న ఎక్స్‌రే. ఇంకొకటి: మీరు చూడాల్సింది ఒక పన్నే అయినా, స్కాన్‌లో పడిన మిగతా ఎముక, సైనస్ కూడా చదవడం మీ బాధ్యతే. అంత తీరిక లేకపోతే ఓరల్ రేడియాలజిస్టుకు (నోటి ఎక్స్‌రేలు చదివే నిపుణుడికి) పంపండి. కర్నూలు జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాలలో, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఆ విభాగాలున్నాయి. ఏ మెషీన్ ఉంది, ఎంత సన్నటి వోక్సెల్ వస్తుందన్నది ముందుగా ఫోన్‌లో కనుక్కోండి.

ప్రశ్న: ఎక్స్‌రేలో నాలుగైదు పళ్ళకు మెడ దగ్గర పక్కల నల్లటి నొక్కులు ఉన్నాయి. ఇవన్నీ వేర్లు కరగడమేనా?
– ఎమ్మిగనూరు

జవాబు: ఒకేలా, వరుసగా అన్ని పళ్ళకూ ఉన్నాయంటే దాదాపుగా కాదు. పైన ఎనామిల్, కింద ఎముక కిరణాలను అడ్డుకుంటాయి. మధ్య మెడ దగ్గర రెండూ లేవు కాబట్టి కిరణాలు ఎక్కువ దూరి నల్లగా పడుతుంది. బర్నౌట్ అంటారు. కోణం మార్చి తీస్తే మాయమవుతుంది లేదా ఆకారం మారుతుంది. ప్రోబ్‌కు ఏమీ తగలదు. అచ్చం పిప్పిలా కూడా ఉంటుంది కనుక, ఈ నీడను చూసి ఫిల్లింగ్ వేస్తామంటే ముందు ప్రోబ్ పెట్టి చూపించమనండి.

ప్రశ్న: మూడో నెల గర్భిణిని. దెబ్బ తగిలిన పంటికి ఎక్స్‌రే తీయాలంటున్నారు. మా అత్తమ్మ వద్దంటోంది. సీబీసీటీ అయితే ఇంకా ప్రమాదమా?
– రాయదుర్గం

జవాబు: డిజిటల్ చిన్న ఎక్స్‌రేకు మొత్తం రేడియేషన్ మోతాదు 10 మైక్రోసీవర్టుల (ఆ మోతాదును కొలిచే ప్రమాణం) లోపే. ప్రకృతినుంచి మనందరికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అంటే రోజుకు ఆరేడు మైక్రోసీవర్టులు ఎలాగూ వస్తూనే ఉంటాయి. పంటి ఎక్స్‌రే కిరణం మొహం దగ్గరే ఉంటుంది, కడుపుకు చేరేది లెక్కలోకి రానంత తక్కువ. దెబ్బ తగిలిన పంటికి అవసరమైన ఎక్స్‌రేను గర్భం కోసం ఆపనక్కరలేదని అత్తమ్మకు చెప్పండి. గర్భంతో ఉన్నానని డాక్టరుకు మాత్రం ముందే చెప్పాలి.

సీబీసీటీ మోతాదు మెషీన్‌ను, వైశాల్యాన్ని బట్టి పదుల నుంచి వందల మైక్రోసీవర్టుల దాకా ఉంటుంది. గర్భిణికనే కాదు, ఎవరికైనా ఒకటే ప్రశ్న: దీనివల్ల చేయబోయే వైద్యం మారుతుందా? మారకపోతే అక్కరలేదు. ఆగగలిగినదైతే కాన్పు తర్వాత తీయించుకోవచ్చు. ఏ సెంటరైనా ఆ ఎక్స్‌రే మెషీన్‌కు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తీసుకుని ఉండాలి. అడిగి చూడటం మీ హక్కు.

ప్రశ్న: మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇంట్లో అందరి పళ్ళూ గోధుమరంగు. వేర్లు కూడా ఇందువల్లే కరుగుతాయా?
– కళ్యాణదుర్గం

జవాబు: ఫ్లోరోసిస్ మచ్చలు పన్ను ఎముకలో తయారయ్యే వయసులో ఎనామిల్‌కు పట్టేవి. వేరు కరగడానికి వెతకాల్సిన కారణాలు వేరే: పాత దెబ్బ, క్లిప్పులు, చచ్చిన నరం, అడ్డంగా పడుకున్న పక్క పన్ను. అయితే రంగు మారిన ఎనామిల్ కింద గులాబీ మచ్చ సరిగా కనబడదు. మూతికి ఎప్పుడైనా దెబ్బ తగిలి ఉంటే, రంగును నమ్ముకోకుండా ఆ పళ్ళకు ఒకసారి ఎక్స్‌రే తీయించండి.